ఇంటి నేలలోని ముప్పు – తెలుగులో తెలుసుకొనే హక్కు

సరిహద్దు జిల్లాల్లోని తెలుగువారి హక్కుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనం బడి దగ్గర మొదలుపెట్టి ఉద్యోగాల దగ్గర ముగిస్తుంటాము. తెలుగు బడి మూతపడింది, పాఠ్యపుస్తకాలు అందలేదు, ఉపాధ్యాయుల ఖాళీలు నిండలేదు అన్న గోడు న్యాయమైనదే. అయితే మాతృభాష అవసరం బడితో తీరిపోయేది కాదు. తాగే నీటిలో ఏమున్నదో, పడుకొనే గదిలో ఎటువంటి గాలి పీలుస్తున్నామో మనకు అర్థమయ్యే మాటల్లో తెలియడం కూడా భాషా హక్కులో భాగమే. రేడాన్ అనే వాయువును ఇందుకు ఉదాహరణగా తీసుకొని నాలుగు మాటలు మనవి చేయదలచాను. మనలో చాలామంది ఈ పేరు విని ఉండరు. వినకపోవడానికి కారణమేమిటో కూడా ఆలోచించవలసి ఉన్నది.

రాతిలో పుట్టే ఆవిరి

ప్రతి రాతిలోనూ, ప్రతి మట్టిలోనూ అతి స్వల్పంగా యురేనియం ఉంటుంది. ఒక టన్ను గ్రానైటు రాతిలో సగటున నాలుగైదు గ్రాములు ఉంటుందని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. ఆ యురేనియం కోట్ల సంవత్సరాలుగా క్షీణిస్తూ రేడియంగా మారుతుంది. రేడియం క్షీణించి రేడాన్ అవుతుంది. రంగు, రుచి, వాసన లేని వాయువు ఇది. వాయువు కనుక రాతి పగుళ్లలో నుంచి, మట్టి రంధ్రాలలో నుంచి పైకి వస్తుంది. ఆరుబయట గాలిలో కలిసి చెదిరిపోతుంది. ఇంటి నేలలో పగులు, గొట్టం పక్కన సందు దొరికితే లోపలికి వస్తుంది. తలుపులు, కిటికీలు మూసి ఉంటే అక్కడే పోగుపడుతుంది. దీని అర్ధాయువు దాదాపు 3.8 రోజులు. అంటే అంత వ్యవధిలో ఉన్నదానిలో సగం మరొక మూలకంగా మారిపోతుంది.

అసలు చిక్కు ఆ మారిన మూలకాలతోనే. రేడాన్‌ను మనం పీల్చినా చాలావరకు తిరిగి వదిలివేస్తాము. దాని నుంచి పుట్టే పొలోనియం, బిస్మతు, సీసం అణువులు ఘనపదార్థాలు. అవి దుమ్ము కణాలకు అంటుకొని ఊపిరితిత్తుల లోపలి పొరల మీద కుదురుకొంటాయి. అక్కడే క్షీణిస్తూ ఆల్ఫా కణాలను వెదజల్లుతాయి. ఈ దెబ్బ ఏళ్ల తరబడి తగిలితే ఊపిరితిత్తుల క్యాన్సరుకు దారితీయవచ్చు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే రేడాన్‌ను మానవులలో క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో 3 నుంచి 14 శాతం వరకు రేడాన్ వల్లనే వస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దేశాన్ని బట్టి, అక్కడి సగటు రేడాన్‌ను బట్టి ఈ శాతం మారుతుంది. పొగతాగేవారికి ఈ ముప్పు తాగనివారికంటె పాతిక రెట్లు ఎక్కువ. బీడీ, చుట్ట అలవాటున్న ఇంట్లో రేడాన్ కూడా ఉంటే రెండు నిప్పులు ఒకచోట కలిసినట్లే.

ఇళ్లలోని రేడాన్ సంగతి ప్రపంచానికి బాగా తెలియవచ్చిన తీరు విచిత్రమైనది. 1984 డిసెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఒక కొత్త అణువిద్యుత్ కేంద్రంలో పనిచేసే ఇంజనీరు లోపలికి వస్తుంటేనే రేడియోధార్మికతను పసిగట్టే గంటలు మోగాయి. పని ముగించుకొని బయటికి వెళ్లేవారి కోసం పెట్టిన గంటలవి. ఆయన ఒంటిమీది రేడియోధార్మికత కేంద్రంలో అంటినది కాదని, ఇంటి నుంచి తెచ్చుకొన్నదని తరువాత తేలింది. ఆ ఇంట్లో ఘనపు మీటరు గాలిలో దాదాపు లక్ష బెకెరెల్‌ల రేడాన్ ఉన్నది. ఒక బెకెరెల్ అంటే క్షణానికి ఒక అణువు క్షీణించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లకు సూచించిన మేర ఘనపు మీటరుకు 100 బెకెరెల్‌లు. అది సాధ్యం కాని చోట కూడా 300 దాటరాదన్నది. ఆ ఇంటివారికి ఏ లక్షణమూ కనిపించలేదు. గంట మోగకపోతే తెలిసేదే కాదు.

మన నేలల సంగతి

దక్షిణాది భాషల మధ్య 1956లో గీతలు గీశారు. వాటి కింద ఉన్న రాతికి ఆ గీతలు తెలియవు. రామనగరం పాత పేరైన క్లోజ్‌పేట పేరుతో పిలిచే గ్రానైటు పట్టీ బెంగళూరుకు నైరుతిన మొదలై తుమకూరు జిల్లా మీదుగా, పావగడను తాకుతూ, అనంతపురం సీమలోకి వచ్చి, మళ్లీ బళ్లారి, కొప్పళ వైపు సాగిపోతుంది. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి అది. పావగడ తాలూకా కర్ణాటకలో ఉన్నా మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ నేలే. అక్కడి ఇంటి కింద ఏ రాయి ఉన్నదో పొరుగున కల్యాణదుర్గం, మడకశిర వైపు ఇళ్ల కింద కూడా ఆ గ్రానైటు కుటుంబపు రాళ్లే. కోలారు, ములబాగలు, శ్రీనివాసపురం, చింతామణి, బాగేపల్లి, గౌరిబిదనూరు నేలలు కూడా గ్రానైటు, నైసు రాళ్ల మీదనే ఉన్నాయి. తమిళనాట హోసూరు, డెంకణికోట, వేపనపల్లి వైపూ అంతే. కృష్ణగిరి జిల్లా గ్రానైటు ఎగుమతికే పేరుపొందింది. కర్ణాటకలోని యాదగిరి జిల్లా గోగిలో యురేనియం నిక్షేపమే ఉన్నది.

ఒడిశా గంజాం జిల్లాలోని తెలుగువారి పరిస్థితి వేరు. ఛత్రపురం సముద్రతీరపు ఇసుకలో మోనజైటు అనే ఖనిజం ఉన్నది. అందులో థోరియం ఉంటుంది. అందువల్లనే అక్కడ అరుదైన ఖనిజాలను వేరుచేసే కేంద్ర ప్రభుత్వ కర్మాగారం వెలిసింది. థోరియం నుంచి పుట్టే వాయువు థోరాన్, రేడాన్‌కు తోబుట్టువు. దాని అర్ధాయువు ఒక నిమిషం లోపే. కనుక భూమి లోతుల్లో పుట్టింది పైకి చేరేలోగానే క్షీణిస్తుంది. గోడకు పూసిన ఇసుకలో, నేలకు వేసిన మట్టిలో పుట్టినదే గదిలోకి వస్తుంది. అక్కడ ఇల్లు కట్టుకొనేవారు ఇసుక ఎక్కడి నుంచి వస్తున్నదో అడగవలసిన అవసరం ఇందుకే.

షోలాపురంలో స్థిరపడిన మన పద్మశాలీ కుటుంబాల కింద ఉన్నది దక్కను నల్లరాయి, అంటే లావా గడ్డకట్టిన బసాల్టు. అందులో యురేనియం గ్రానైటులో కంటె ఎంతో తక్కువ. యానాం గోదావరి ఒండ్రు మీద నిలిచిన ఊరు. పునాది రాయి ఎంతో లోతున ఉంటుంది. ఈ రెండు చోట్లా గ్రానైటు సీమలంత ఆందోళన అవసరం లేదు. అయితే నేలను బట్టి తెలిసేది ఊరి సంగతే. ఒకే వీధిలో రెండు ఇళ్లకు లెక్క తేడాగా ఉండవచ్చు. నేలలోని పగుళ్లు, కట్టడపు తీరు, గాలి రాకపోకలు ఇంటింటికీ మారుతాయి. రేడాన్ విషయంలో పక్కిల్లు సాక్ష్యం కాదు, కొలిచి చూసుకోవలసినదే.

నీటిలో తేలిన నిజం

ఇది ఊహలతో భయపెట్టడమని ఎవరైనా అనవచ్చు. వారికి నీటి లెక్క చూపుతాను. భారతీయ విజ్ఞాన సంస్థ, మంగళూరు విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు కర్ణాటక తూర్పు జిల్లాల్లోని 73 గ్రామాల బోరునీటిని పరీక్షించి, ఆ ఫలితాలను 2021లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరు నీటికి 30 మైక్రోగ్రాములు మించరాదన్న యురేనియం, 57 గ్రామాల్లో మించింది. మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన 60 మైక్రోగ్రాముల పరిమితి కూడా 48 గ్రామాల్లో దాటింది. కోలారు, చిక్కబళ్లాపురం, తుమకూరు జిల్లాలు ఇందులో ఉన్నాయి. తెలుగు మాటలు వినిపించే సీమ అది.

కారణం మన కళ్లముందే జరిగింది. చెరువులు ఎండిపోయాయి. ఊటబావులు పూడిపోయాయి. బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. అంత లోతున రాతి పగుళ్లలో ఎంతోకాలంగా నిలిచిన నీరు ఆ రాతిలోని యురేనియాన్ని కరిగించుకొని పైకి వస్తున్నది. నీటిలోని యురేనియం వల్ల ప్రధానంగా దెబ్బతినేవి మూత్రపిండాలు. రాతి నుంచి నేరుగా నీటిలో కలిసిన రేడాన్ కూడా ఆ బోరునీటితోనే వస్తుంది. కుళాయి తిప్పినప్పుడు, స్నానం చేసినప్పుడు అది గదిగాలిలో కలుస్తుంది. గదిలో చేరే రేడాన్‌లో నీటి వాటా సాధారణంగా తక్కువే, నేల నుంచి వచ్చేదే ఎక్కువ. అయినా నీటిలో ఇంత యురేనియం ఉన్నదంటే, ఆ రాతి మీద కట్టిన ఇళ్ల గాలిని ఒక్కసారైనా కొలవాలన్న అనుమానం కలగడం సహజం.

పావగడలో ఫ్లోరైడు బాధ ఉన్నదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. పళ్ల మీద గారలు, వంగిన కాళ్లు దానికి సాక్ష్యం చెప్పాయి. రేడాన్‌కు అటువంటి గుర్తు లేదు. ఇరవై ముప్పై ఏళ్ల తరువాత ఒకరికి ఊపిరితిత్తుల జబ్బు వస్తే, అది ఇంటి గాలి నుంచి వచ్చిందని ఎవరూ చెప్పలేరు. కంటికి కనిపించని ముప్పును మాటే చూపించాలి. ఆ మాట మన భాషలో లేకపోతే ముప్పు కూడా లేనట్లే చెల్లుబాటవుతుంది.

పరీక్ష ఎలా?

పరీక్షకు రెండు దారులున్నాయి. మొదటిది ప్లాస్టిక్ పొర పద్ధతి. చిన్న డబ్బీలో ప్రత్యేకమైన పొరను ఉంచి మూడు నెలలు గదిలో వేలాడదీస్తారు. ఆల్ఫా కణాలు పొర మీద గీతలు గీస్తాయి. తరువాత ప్రయోగశాలలో ఆ గీతలను లెక్కపెట్టి రేడాన్ ఎంతో చెబుతారు. భాభా అణు పరిశోధనా కేంద్రం రూపొందించిన డబ్బీలతో రేడాన్‌ను, థోరాన్‌ను వేరువేరుగా కొలవవచ్చు. గంజాం వంటి చోట ఇదే తగినది. బెంగళూరు, మైసూరు, మంగళూరు, ఉస్మానియా విశ్వవిద్యాలయాల భౌతిక శాస్త్ర విభాగాలవారు ఇళ్లలో ఇటువంటి కొలతలు చేసినవారే. ఊరి సంఘం తరపున ఉత్తరం రాసి, మీ తదుపరి సర్వేలో మా ఊరిని చేర్చండని అడగడం మన పని.

రెండవది డిజిటల్ యంత్రం. అరచేతిలో పట్టే ఈ పరికరం రోజువారీ, నెలవారీ సగటు చూపిస్తుంది. వెల సామాన్య కుటుంబానికి భారమే. పది ఇళ్లవారు కలిసి కొనుక్కొంటే, లేదా తెలుగు సంఘమే ఒకటి కొని గ్రంథాలయ పుస్తకం మాదిరిగా ఇంటింటికీ నెల చొప్పున ఇస్తే, ఏడాదిలో పన్నెండు ఇళ్ల లెక్క తేలుతుంది. సంఘాల వార్షికోత్సవాల ఖర్చులో ఇది పెద్ద మొత్తమేమీ కాదు.

యంత్రమైనా, డబ్బీ అయినా కింది అంతస్తులో, ఎక్కువసేపు గడిపే గదిలో ఉంచాలి, పడకగది మేలు. మంచం ఎత్తున, గోడకు కాస్త ఎడంగా, కిటికీకి, పంకా గాలికి, వంటింటికి, స్నానాల గదికి దూరంగా పెట్టాలి. ఒక్కరోజు లెక్కను నమ్మరాదు. రేడాన్ రాత్రివేళ, చలికాలంలో, తలుపులు మూసి ఉన్నప్పుడు పెరుగుతుంది, పగలు తగ్గుతుంది. కనీసం నెల రోజులు, వీలైతే మూడు నెలలు ఉంచాలి. చలికాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి కొలిస్తే ఇంటి స్థితి బాగా తెలుస్తుంది.

సగటు 100 బెకెరెల్‌ల లోపు వస్తే నిశ్చింతగా ఉండవచ్చు. 100కు, 300కు మధ్య ఉంటే గాలి రాకపోకలు పెంచి, నేల పగుళ్లు పూడ్చి, మళ్లీ కొలవాలి. 300 దాటితే తప్పనిసరిగా మరమ్మతు చేయాలి. మరమ్మతు కూడా బ్రహ్మవిద్య కాదు. నేలకింద నుంచి ఒక గొట్టం వేసి, చిన్న పంకాతో ఆ వాయువును ఇంటి కప్పు పైకి పంపడమే దాని సారం. కొత్తగా ఇల్లు కట్టేవారు గచ్చు వేయడానికి ముందే కంకర పరచి, దాని మీద మందమైన పాలిథిన్ పట్టా వేసి, ఒక గొట్టం పైకి వదిలితే ఖర్చు నామమాత్రం.

మన పెద్దల ఇళ్లలో ఎదురెదురు గుమ్మాలు, గవాక్షాలు, నడుమ ఆకాశం కనిపించే మండువా ఉండేవి. ఆ ఇళ్లలో గాలి నిలిచేది కాదు. ఇప్పుడు చల్లని గది కోసం కిటికీలు బిగించి పడుకొంటున్నాము. పాత ఇంటిని పొగడి కొత్త ఇంటిని తెగడడం నా ఉద్దేశం కాదు. పాత మట్టి నేల పగుళ్లలో నుంచి కూడా రేడాన్ వస్తుంది. ఉదయం సాయంత్రం గంటసేపైనా ఎదురెదురు కిటికీలు తెరిచి ఉంచడం ఖర్చులేని వైద్యం.

నీటి విషయంలో ఒక పొరపాటును సవరించుకోవాలి. కాచితే రేడాన్ పోతుంది, యురేనియం పోదు. నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది కూడా. ఆర్వో యంత్రం యురేనియాన్ని చాలావరకు తీసివేస్తుంది. జల జీవన్ మిషన్ కింద ఊళ్లకు ఇచ్చే పరీక్ష పెట్టె ఫ్లోరైడు, నైట్రేటు వంటివి చూపుతుంది కాని యురేనియాన్ని చూపదు. దానికి ప్రయోగశాలకు నమూనా పంపవలసిందే. పంచాయతీ చేత పంపించడం మన హక్కు.

భాషకు దీనితో పనేమిటి?

కర్ణాటకలో ప్రకటన కన్నడంలో వస్తుంది, తమిళనాట తమిళంలో, ఒడిశాలో ఒడియాలో. శాస్త్రజ్ఞుల వ్యాసాలన్నీ ఇంగ్లీషులోనే. రాష్ట్ర భాషలో ప్రకటన వేయడాన్ని నేను తప్పుపట్టను. ఆ భాష నేర్చుకోవడం, గౌరవించడం మన ధర్మం. మన ఇంటి పరిస్థితి మాత్రం చూడండి. అవ్వకు తెలుగు మాట తప్ప వేరే మాట రాదు, ఏ లిపీ రాదు. తండ్రి తెలుగు చదవగలడు, రాష్ట్ర భాష కూడబలుక్కొంటాడు. కూతురు రాష్ట్ర భాషలో చదివింది, ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, రాయలేదు. ఇటువంటి ఇంటికి ‘భూగర్భజలంలో యురేనియం’ అన్న ప్రకటన ఏ ఒక్క భాషలో వచ్చినా సగమే చేరుతుంది.

చట్టం మనకు అడిగే వీలు ఇచ్చింది. ఫిర్యాదును రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చునని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతున్నది. ఒక జిల్లాలోనో తాలూకాలోనో భాషాల్పసంఖ్యాకులు 15 శాతం ఉంటే ముఖ్యమైన నియమాలను, ప్రకటనలను వారి భాషలో కూడా ప్రచురించాలని 1956 నాటి రక్షణల పత్రం, 1961 నాటి ముఖ్యమంత్రుల సదస్సు తరువాత రూపొందిన పథకం చెబుతున్నాయి. భాషాల్పసంఖ్యాకుల కమిషనరు పని ఈ రక్షణల అమలును చూడడమే. ఎన్నికల ప్రకటన ముఖ్యమైనదైతే, తాగునీటి హెచ్చరిక అంతకంటె ముఖ్యమైనది కాదా? పన్ను నోటీసుకు అనువాదం అడిగే మనం, గాలీ నీరూ గురించిన నోటీసుకు ఎందుకు అడగడం లేదు?

ప్రభుత్వాలను అడిగితే మన బాధ్యత తీరిపోదు. మన పత్రికలు, సంఘాలు పద్యాలకు, సన్మానాలకు ఇచ్చిన చోటులో పదోవంతు కూడా విజ్ఞానానికి ఇవ్వలేదు. అందుకే రేడాన్ గురించి అవ్వకు చెప్పబోతే మాట తడబడుతున్నది. ‘నేలగాలి’ అందామంటే మన పల్లెల్లో గాలి సోకడమంటే వేరే అర్థం. భూతవైద్యుడి దగ్గరికి పరుగెత్తుతారు. ‘రాతి ఆవిరి’ అంటే భయం లేకుండా అర్థమవుతుందని నాకు తోచింది. శాస్త్ర నామం రేడాన్‌గానే ఉండనిద్దాం. ఇంట్లో చెప్పడానికి ఇటువంటి మాట ఒకటి కావాలి. ఇంతకంటె మంచి మాట పాఠకులు చెబితే అదే వాడుదాం. చదవడం రానివారి కోసం ఈ విషయాన్ని భజన మందిరంలో, మహిళా సంఘం కూడికలో నోటిమాటగా చెప్పాలి. మన తెలుగు బడి ఉపాధ్యాయులు సైన్సు పాఠంలో ఒక్క గంట కేటాయించినా ఊరంతటికీ చేరుతుంది.

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలకు కూడా ఒక విన్నపం. అనంతపురం, చిత్తూరు, మహబూబ్‌నగర్ సీమల్లో రాళ్లను, నీటిని పరిశోధించేటప్పుడు సరిహద్దు దగ్గర ఆగిపోకండి. ఆ రాయి ఆగలేదు. ఫలితాలను తెలుగులో రెండు పుటలుగా ముద్రిస్తే గీతకు అటూ ఇటూ ఉన్న తెలుగు ఇళ్లకు పనికివస్తాయి.

రాబోయే చలికాలానికి ఒక్కొక్క ఊరి తెలుగు సంఘం మూడు పనులు చేయగలదు. పంచాయతీ బోరునీటి యురేనియం పరీక్ష కోసం తెలుగులో ఒక విన్నపం రాసి, రాష్ట్ర భాషలో అనువాదం జతచేసి ఇవ్వాలి. దగ్గరి విశ్వవిద్యాలయానికి ఇళ్ల రేడాన్ కొలత కోసం ఉత్తరం రాయాలి. ఒక యంత్రం కొని మొదటి నెల ఊరిలో అందరికంటె పాత ఇంట్లో పెట్టాలి. వచ్చిన అంకెలను, ఇంటివారి పేర్లు లేకుండా, ఈ పత్రికకు పంపండి. ఏ రాతి మీద ఎంత ఉన్నదో తెలుగులో ఒక పట్టిక తయారవుతుంది. బడి కోసం మనం చేసే పోరాటం పిల్లల రేపటి కోసం. ఆ పిల్లలు ఈ రాత్రి పడుకొనే గది సంగతి కూడా తెలుసుకొందాం.